14 నెలల బాబుకి మ్యూజిక్ క్లాస్ అవసరమా? నాలుగున్నరేళ్ల పాపకి సంగీతం మొదలుపెట్టొచ్చా?

మియాపూర్ అమ్మ:

అందరికీ నమస్తే. నాకు ఇద్దరు పిల్లలు, పాపకి నాలుగున్నరేళ్లు, బాబుకి 14 నెలలు. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పోయిన నెల నుంచి చంటిపిల్లలకి మ్యూజిక్ క్లాస్ అని పెట్టారు. 6 నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకట, వారానికి ఒక్కరోజు 45 నిమిషాలు, అమ్మో నాన్నో పక్కనే కూర్చోవాలి. మూడు నెలలకి 15 వేలు. డెమోకి రమ్మంటే వెళ్లాను. ఒకావిడ యుకలేలే వాయిస్తూ పాడుతుంటే పిల్లల చేతికి గలగలలాడే ప్లాస్టిక్ గుడ్లు ఇచ్చారు. మావాడు మొదటి పావుగంట నా చున్నీ వదల్లేదు. తర్వాత మెల్లగా పాక్కుంటూ మధ్యలో ఉన్న చిన్న డ్రమ్ము దగ్గరికి వెళ్లి అరచేత్తో ఒక్కటి వేసి, ఆ చప్పుడు చేతిలోంచి వచ్చిందా అన్నట్టు అరచెయ్యి తిరగేసి చూసుకున్నాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ చూసుకున్నాడు. అది చూశాక చేర్పించేద్దాం అనిపించింది, నిజం చెప్తున్నా.

క్లాసయ్యాక ఫీజు సంగతి మాట్లాడే అతను వచ్చి, మూడేళ్ల లోపే బ్రెయిన్ అంతా తయారైపోతుంది మేడం, ఈ టైమ్‌లో మ్యూజిక్ పడకపోతే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా రాదు, లెక్కల్లో కూడా వెనకబడతారు అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, ఎందుకంటే పాప విషయంలో ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది కదా. దాని ఫ్రెండ్ అప్పుడే ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం మొదలుపెట్టింది, సరళీ స్వరాలు గడగడా చెప్పేస్తోంది. మా అత్తయ్యగారేమో ఒళ్లో పడుకోబెట్టుకుని పాడితే చాలు, క్లాసులెందుకు అంటారు. ఆవిడ బాగా పాడతారు కానీ ఏడాదిలో రెండు నెలలే మా దగ్గర ఉంటారు. నాకు పాడటం రాదు. ఆరో క్లాసులో ప్రార్థన పాడుతుంటే మా టీచర్ ఒకావిడ అందరి ముందూ నన్ను ఆపి, నువ్వు పెదాలు కదుపు చాలు అంది, ఆ రోజు నుంచి నోరు విప్పి పాడింది లేదు. నా వల్ల పిల్లలకి లోటు జరగకూడదని అడుగుతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సంగీతం టీచర్, విజయవాడ:

అమ్మా, ముందు పాప సంగతి చెప్తాను. నాలుగున్నరేళ్లకి ఆలస్యం అయ్యేదేమీ లేదు. 26 ఏళ్లుగా ఇంట్లోనే పాఠాలు చెప్తున్నాను, నా దగ్గర నిలబడి కచేరీ స్థాయికి వెళ్లిన పిల్లల్లో ఎక్కువమంది ఏడు, ఎనిమిదేళ్లకి వచ్చినవాళ్లే. నాలుగేళ్లకి తెచ్చి కూర్చోబెట్టిన పిల్లలు చాలామంది ఆరేళ్లకల్లా మానేశారు. తెలివి తక్కువై కాదు, ఆ పాఠం వాళ్ల వయసుకి కట్టింది కాదు.

ఎందుకో చెప్తాను వినండి. మనకి మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, ఆది తాళం. ఈ వరస పురందరదాసులవారు పెట్టిందని చెప్పుకుంటాం. ఆ రాగంలో స–రి, గ–మ, ప–ద, ని–స ఈ జంటలన్నీ పక్కపక్కనే ఉంటాయి, అందుకని చెవికి ఒక పద్ధతిగా వినిపిస్తుంది, పాఠానికి మంచి రాగమే. కానీ ఆ రిషభం, అంటే రి, షడ్జమానికి, అంటే స కి, అంత దగ్గరగా పట్టాలంటే చిన్న గొంతుకి కష్టం, పైకి జారిపోతుంది. ఇక తాళం. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిరగేయడం రెండుసార్లు, మొత్తం ఎనిమిది అక్షరాలు. నాలుగేళ్ల పిల్లకి ఉంగరం వేలు విడిగా కదలదమ్మా. చిటికెన వేలు అయ్యాక అక్కడ ఆగిపోయి, ఎడమ చేత్తో ఆ వేలుని పట్టుకుని వంచుకుంటుంది. ఈలోపు నోట్లో స్వరం ఆగిపోతుంది. పక్కనున్న తల్లి "పాడు, పాడు" అంటుంది. పిల్లకి ఏడుపు వచ్చేది సంగీతానికి కాదు, ఆ వేలికి.

ఫ్రెండ్ గడగడా చెప్పేస్తోంది అన్నారు కదా, ఆ వయసు పిల్లలు ఏదైనా గడగడా చెప్తారు, ఎక్కాలైనా చెప్తారు. శ్రుతి పెట్టె, అంటే ఆధార స్వరం ఆగకుండా మోగే పెట్టె, పెట్టి ఆ ఒక్క "స" మీద కాసేపు నిలబడమనండి, అసలు సంగతి తెలుస్తుంది. ఇప్పుడు మీ పాపకి కావలసింది కూడా అదే. రోజూ పది నిమిషాలు శ్రుతి వేసి, దానితోపాటు "ఆ" అంటూ స, ప, పై స పట్టుకోవడం. చిన్న చిన్న పాటలు విని నోటికి నేర్చుకోవడం. నడుస్తూ, మెట్లెక్కుతూ ఒకే వేగంలో చప్పట్లు కొట్టడం. పుస్తకం, పెన్ను వద్దు. ఆరున్నర, ఏడు దగ్గర గురువు దగ్గర కూర్చోబెట్టండి, ఇదంతా చేసిన పిల్ల సరళీ స్వరాల్లో మూడు కాలాలూ, అంటే మూడు వేగాలూ, ఎంత త్వరగా పట్టుకుంటుందో మీరే చూస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట, ఆన్‌లైన్‌లోగానీ బయటగానీ ఎవరి దగ్గర చేర్చినా, పిల్లని ఏ శ్రుతిలో పాడిస్తున్నారో అడగండి. శ్రుతి అంటే మనం స పెట్టుకునే ఎత్తు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. మగ గురువులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. చిన్నపిల్లల గొంతు ఐదు నుంచి ఆరున్నర దాకా ఉంటుంది, కొందరిది ఇంకా పైన. గురువుగారి శ్రుతికి పిల్లని దించితే గొంతు అణుచుకుని గొణుగుతుంది, పైకి లాగితే అరుస్తుంది. ఒక పాపని ఏడాదిపాటు అలా వేరేచోట పాడించి నా దగ్గరికి తెచ్చారు, ఆ పిల్ల నోరు పూర్తిగా తెరవడానికే మాకు రెండు నెలలు పట్టింది. ఆ తల్లిదండ్రులకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి, మీకు హైదరాబాద్‌లో రాంకోఠిలో త్యాగరాజ కళాశాల, మాకు ఇక్కడ ఘంటసాలగారి పేరుమీద ఉన్నది, విజయనగరంలోదైతే 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. అవన్నీ పిల్లలు కాస్త పెద్దయ్యాక. ఇప్పుడు ఆ ఆలోచన వద్దు.

బాబు సంగతి మిగతావాళ్లు చెప్పనివ్వండి, చంటిపిల్లల క్లాసులు నేను చెప్పలేదు.

బెంగళూరు నాన్న:

ఆ ఫీజు అతను చెప్పిన మాటకి మూలం ఎక్కడుందో చెప్తాను, మా పాప పుట్టినప్పుడు నేనూ దీనికి భయపడి కూర్చుని చదివాను. 1993లో నేచర్ పత్రికలో అమెరికా పరిశోధకుల చిన్న వ్యాసం ఒకటి వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మోజార్ట్ వినిపించి, వెంటనే కాగితం మడతలు, ఆకారాలు ఊహించే పరీక్ష పెడితే కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం కూడా పది, పదిహేను నిమిషాలే ఉంది. చంటిపిల్లలు అందులో లేనేలేరు. పాడటం లేదు, నేర్చుకోవడం లేదు, ఊరికే వినడమే. అది పేపర్లలో పడి, నోటా నోటా పెరిగి, 1998కి జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం క్యాసెట్టో సీడీయో ప్రభుత్వం తరఫున ఇవ్వాలని బడ్జెట్ అడిగేదాకా వెళ్లింది. మన అపార్ట్‌మెంట్లకి వచ్చే కరపత్రాల్లో ఇప్పటికీ ఆ మాటే తిరుగుతోంది. లెక్కల్లో వెనకబడతారు అని ఒక తల్లిని భయపెట్టడం చాలా తప్పు.

దానికంటే నాకు నచ్చినది ఇంకొకటి ఉంది. 1980లో సైన్స్ పత్రికలో వచ్చింది. పుట్టి మూడు రోజులు కూడా నిండని పిల్లల నోట్లో పాలపీక పెట్టి, ఒక రకంగా చప్పరిస్తే వాళ్లమ్మ గొంతు, ఇంకో రకంగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించేలా ఏర్పాటు చేశారు. పిల్లలు అమ్మ గొంతు వచ్చేలా చప్పరించారు. కడుపులో ఉన్నప్పట్నుంచి విన్న గొంతు కదా. కాబట్టి మీకు పాడటం రాదు అనే మాట పక్కన పెట్టేయండి. మీ బాబుకి ఈ ప్రపంచంలో మొట్టమొదట తెలిసిన గొంతు మీదే.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. నాకు రాదు కదా అని ఫోన్లో రైమ్స్ పెట్టి చేతికివ్వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది పిల్లలకి కూడా స్క్రీన్ వద్దు, రెండేళ్లు నిండాకే, అదీ రోజుకి గంట దాటకుండా. మేము మొదట్లో పెట్టాం, మా పాప పాట వినడం మానేసి బొమ్మ చూడటం అలవాటు చేసుకుంది. స్క్రీన్ తీసేసి స్పీకర్లో పాట మాత్రమే పెడితే అసలు తల తిప్పలేదు. అది పోవడానికి రెండు వారాలు పట్టింది.

ఎడిసన్ నుంచి:

హాయ్ అక్కా. నేను న్యూజెర్సీలో ఉంటాను, ఇక్కడ చంటిపిల్లల మ్యూజిక్ క్లాసులు చాలా మామూలు. మ్యూజిక్ టుగెదర్ అనేది 1987లో మాకు దగ్గర్లోనే ప్రిన్స్‌టన్‌లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. మా పాపని 10 నెలలప్పుడు అలాంటి క్లాసులోనే చేర్చాను, రెండు టర్ములు వెళ్లాం.

మొదటి నాలుగు వారాలు నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అది క్లాసులో ఏమీ చేసేది కాదు. అందరూ గుండ్రంగా కూర్చుని ఊగుతూ పాడుతుంటే ఇది గోడకి ఆనుకుని చూస్తూ ఉండేది. డబ్బు దండగ అనుకున్నాను. ఐదో వారం అనుకుంటా, ఇంట్లో హై చెయిర్‌లో కూర్చోబెట్టి పెరుగన్నం పెడుతుంటే స్పూనుతో ట్రే మీద టక్ టక్, టక్ అని కొట్టింది. క్లాసులో డోలు మీద వేసే వరస అది, సరిగ్గా అదే విరుపు. అది చూస్తూ కూర్చున్న నెల రోజులూ లోపలికి వెళ్లిందన్నమాట. మీ బాబు చున్నీ పట్టుకుని కూర్చున్న ఆ పావుగంట కూడా వింటూనే ఉన్నాడు అక్కా, దాన్ని లెక్కలోంచి తీసేయకండి.

అక్కడి టీచర్ మాకు మొదటి రోజే చెప్పింది, పిల్లల చేత ఏదీ చేయించకండి, మీరు చేయండి, మీ గొంతు ఎలా ఉన్నా పాడండి అని. నిజంగా ఆ 45 నిమిషాలూ పాఠం మనకే. కాకపోతే పాటలన్నీ ఇంగ్లీషులో. నాకు అది మనసుకి పట్టేది కాదు. రెండో టర్మ్ అయ్యాక మానేసి, మా అమ్మకి ఫోన్ చేసి చిన్నప్పుడు నాకు పాడినవన్నీ పాడించుకుని రికార్డు చేసుకున్నాను. సగం ఆవిడకే గుర్తు లేవు, పిన్నికి ఫోన్ కలిపి ఇద్దరూ కలిసి గుర్తు చేసుకున్నారు. ఇప్పుడు నాలుగు తెలుగు కుటుంబాలం శనివారం సాయంత్రం ఒకరింట్లో బేస్‌మెంట్‌లో కూర్చుంటాం. తారంగం, చెమ్మచెక్క, కొన్ని జోలపాటలు, రెండు చిడతల జతలు, ఒక చిన్న కంజీర, అంతే. మా పాపకి మూడేళ్లు నిండాయి. వెన్న, ముద్ద, ఉగ్గు, గజ్జెలు లాంటి మాటలు ఇక్కడ ఇంకెక్కడ వింటుంది? పాటలో పడ్డాయి కాబట్టి వచ్చాయి.

విశాఖ వాసి:

నేను కొంచెం వేరేగా చెప్తాను. డబ్బుకి ఇబ్బంది లేకపోతే చేర్చండి. మెదడు కోసం కాదు, మీ కోసం. మా రెండోవాడు పుట్టాక నేను ఇంట్లో ఒక్కదాన్నే, పగలంతా మాట్లాడే మనిషి లేదు. వారానికి ఒక్కరోజు ఆ క్లాసుకి వెళ్లడం, ఇంకో ఆరుగురు తల్లులతో కూర్చోవడం నన్ను నిలబెట్టింది. అందరూ ఇంట్లో పాడుకోండి అంటున్నారు, ఇంట్లో ఒక్కళ్లే ఉన్నప్పుడు పాడాలని కూడా అనిపించదు, అది కూడా నిజమే కదా. కాకపోతే మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టకండి, నెలకి కడతాను అనండి. పిల్లలు 8 మందికి మించితే వద్దు. స్పీకర్లో పాటలు పెట్టి చేయించేచోట అయితే అసలే వద్దు. టీచర్ సొంతగా పాడాలి, పిల్లవాడు నెమ్మదిస్తే తనూ నెమ్మదించాలి, రికార్డు అలా ఆగదు.

వరంగల్ నుంచి:

నమస్తే. మా దగ్గర చంటిపిల్లల మ్యూజిక్ క్లాస్ అంటే బతుకమ్మే అనుకుంటాను నేను. తొమ్మిది రోజులు, సాయంత్రం కాగానే చంకలో పిల్లని ఎత్తుకుని ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు. ఒకరు పాట అందుకుంటే అందరూ ఉయ్యాలో అని కలుపుతారు. వంగి చప్పట్లు కొట్టినప్పుడల్లా చంకలో పిల్ల కూడా వంగి లేస్తుంది, ఒంటితోనే తాళం తెలుస్తుంది దానికి. మా పెద్దమ్మాయి మాటలు రాకముందే "యాలో" అనేది. అందులో గొంతు బాగున్నవాళ్లు, లేనివాళ్లు అని ఎవరూ చూడరు అక్కా, మీరు కూడా అట్లా అనుకోకండి.

నేను అసలు రాస్తున్నది ఇంకొక సంగతి కోసం. మా చిన్నోడు 10 నెలలున్నప్పుడు పండుగకి డప్పులు కొట్టుకుంటూ మా గల్లీలోకి వచ్చారు. పిల్లలంతా ఉలిక్కిపడి తిరిగితే వీడు మాత్రం నా మెడలో గొలుసుతో ఆడుకుంటూ ఉన్నాడు. మా అత్తమ్మ చూసింది, నేను చూడలేదు. వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టింది, తిరగలేదు. ఆసుపత్రికి తీసుకెళితే ముందు ఓఏఈ, తర్వాత నిద్రపుచ్చి బెరా అని రెండు వినికిడి పరీక్షలు చేశారు. రెండు చెవులూ తక్కువ వినిపిస్తున్నాయి అన్నారు. డాక్టర్ చెప్పింది ఏంటంటే, పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషనో వైద్యమో మొదలవ్వాలట. వాడు పుట్టిన చోట ఆ పరీక్ష చేయలేదు, చేయాలని మాకు కూడా తెలియదు. ఇప్పుడు వాడికి ఆరేళ్లు, రెండు చెవులకీ మిషన్లున్నాయి, స్పీచ్ థెరపీ అయింది, స్కూల్లో డప్పు వాయిస్తాడు. ముందు దెబ్బ పడే చోటు చేత్తో తాకి చూసి, తర్వాత వాయిస్తాడు.

మీ బాబు డ్రమ్ము కొట్టి చెయ్యి చూసుకున్నాడంటే వినిపిస్తోందనే అనిపిస్తోంది, భయపెట్టడానికి రాయలేదు. కానీ ఇది చదివే ఇంకెవరికైనా, పిల్లలు వెనక నుంచి పిలిస్తే తిరగకపోయినా, ఏడాది దాటినా అత్త, తాత లాంటి మాటలు రాకపోయినా, ఏ క్లాసులోనూ చేర్చకముందే చెవుల డాక్టర్‌కి చూపించండి. వినికిడి బాగా తక్కువున్న పిల్లలకి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే మిషన్, ఆరోగ్యశ్రీలో కూడా చేస్తారు, వయసు గడవకముందే అడగాలి.

మియాపూర్ అమ్మ:

అందరి జవాబులూ రెండేసి సార్లు చదివాను. వరంగల్ అక్కా, మీది చదివి లేచి వెళ్లి బాబు వెనక నిలబడి తాళంచెవులు ఆడించాను, వెంటనే తిరిగాడు. పుట్టినప్పటి ఫైలు తీసి చూస్తే అందులో చెవుల పరీక్ష కాగితం కూడా ఉంది, నేనే ఎప్పుడూ చూడలేదు. మీ చిన్నోడికి నా ముద్దులు.

క్లాస్ ఒక్క నెలకి ఒప్పుకున్నారు, విశాఖ అక్క చెప్పినట్టే అడిగాను. ఆ టీచర్ సొంతగానే పాడుతుంది, ఏడుగురే పిల్లలు, కాబట్టి వెళ్తాను. పాపని ఇప్పుడే ఎక్కడా చేర్చట్లేదు.

ఇంకొకటి చెప్పాలి. నిన్న బాబుకి నూనె రాస్తూ మా అత్తయ్యగారు పాడే పాట మెల్లగా అందుకున్నాను. తలుపు వేసుకుని పాడాను. రెండో చరణం మాటలు రాక అక్కడ ఊరికే "ఊ ఊ" అన్నాను. వాడు కాళ్లు కొట్టుకోవడం ఆపేసి నా నోటివైపే చూస్తూ ఉన్నాడు, నేను ఆపగానే వాడు కూడా "ఊ" అన్నాడు. పాప తలుపు తోసుకుని వచ్చి, అమ్మా నువ్వు పాడతావా అని అడిగింది. 22 ఏళ్ల తర్వాత పాడాను అండి.

టీచర్‌గారూ, ఒక సందేహం. శ్రుతి పెట్టె కొనాలా, ఫోన్లో యాప్ చాలా? మా పాపతోపాటు నేను కూడా కూర్చోవచ్చా?

సంగీతం టీచర్, విజయవాడ:

కూర్చోండమ్మా, తప్పకుండా కూర్చోండి. యాప్ చాలు, ఫోన్ మాత్రం బోర్లా పెట్టండి, పాప కళ్లు దానిమీదికి పోకుండా. ముందు ఐదున్నరలో పెట్టి చూడండి, కింది స అందక గొంతు నలిగితే ఆరుకి పెంచండి, పై స దగ్గర మెడ నరాలు బిగిస్తుంటే ఐదుకి దించండి. మీకు వేరే శ్రుతి కుదరొచ్చు, మొదటి నెల మాత్రం పాప శ్రుతిలోనే తనతో కలిపి పాడండి. పొద్దున పాలు తాగిన వెంటనే వద్దు, అరగంట ఆగండి.

బాబుకి ఇంట్లో గిలక్కాయ చేసిద్దామని సీసాలో పెసలో కందిపప్పో పోసి ఇస్తుంటారు చాలామంది. మూత గట్టిగా అతికించి, పైన టేపు చుట్టి ఇవ్వండి, ఆ గింజలు గొంతులో అడ్డం పడతాయి. దానికంటే స్టీలు గిన్నె, చెక్క గరిటె మేలు.